తడి సున్నం

కోటయ్య గంగాళంలో పిడికెడు పసుపు కలిపాడు. పైన వేపరెమ్మలు వేశాడు. కళ్లు మూసుకుని ఏదో గొణిగి, గంగాళం అంచుకు నుదురు ఆనించి, లేచి నిలబడ్డాడు.

"ఒక్కొక్కరే రండి. చేతులు రెండూ మణికట్టు దాకా ముంచాలి. తీసినవాళ్ల చెయ్యి పడితే నీళ్లు రక్తమయిపోతయ్యి."

వెంకయ్యగారి కల్లంలో మిరపకాయలకు ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్లంతా లేచారు. ఘాటు తగలకుండా ముక్కులకు కట్టుకున్న చెంగులు విప్పి వరసలో నిలబడ్డారు. వెంకయ్యగారి భార్య సుబ్బరావమ్మ కాసులపేరు పెట్టెలోంచి పోయింది. పోలీసుల్ని ఇంటికి పిలవడం పరువు తక్కువని, నీళ్లు చూసి దొంగను పట్టే కోటయ్యను కృష్ణ ఒడ్డు నుంచి బండి కట్టి రప్పించారు. ఇంట్లోవాళ్లను ఎవరూ చేతులు ముంచమనలేదు. వాళ్లు అరుగు మీద నిలబడి చూస్తున్నారు.

నజీరా అప్పుడే బడి నుంచి వచ్చి, పుస్తకాలు గుండెకు హత్తుకుని కల్లం గోడ పక్కన నిలబడింది. ఆ ఊరి హైస్కూల్లో పదో తరగతి చదువుతున్న ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. దూదేకులవాళ్లలో అయితే ఆమె ఒక్కతే. ఆమె తల్లి రసూల్‌బీ ఆ రోజు ముచ్చికలకు కూర్చోలేదు. ఉగాది వస్తోందని పొద్దుటి నుంచి ఆమే, బసవమ్మా కలిసి గొడ్లచావిడికి వెల్ల వేస్తున్నారు. పిలుపు రాగానే కుంచెలు సున్నపు తొట్టిలో వదిలేశారు. రసూల్‌బీ చెంబెడు నీళ్లతో చేతులు కడుక్కుని చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. బసవమ్మ వంటింటి దొడ్డి వైపు వెళ్లి, కాసేపటికి వచ్చి, రసూల్‌బీకి ముందు దూరి నిలబడింది.

వరస కదిలింది. చేతులు మునిగాయి, లేచాయి. నీళ్లు పచ్చగానే ఉన్నాయి. బసవమ్మ చేతులు ముంచినప్పుడూ పచ్చగానే ఉన్నాయి.

రసూల్‌బీ వంగి రెండు చేతులూ ముంచింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి చార ఒకటి పొగలా లేచింది. గోళ్ల చుట్టూ, అరచేతి పగుళ్ల వెంట ఎరుపు పాకింది. చేతులు పైకి తీసేసరికి మణికట్టు నుంచి ఎర్రటి బొట్లు రాలుతున్నాయి.

ఎవరూ మాట్లాడలేదు. సుబ్బరావమ్మ అరుగు దిగి వచ్చి రసూల్‌బీ చెంప మీద కొట్టింది.

"నా ఇంటి కూడు తిని నా మెడలోదే తీస్తావటే! ఎక్కడ దాచావు?"

"నేను తీయలేదమ్మగారూ. నా బిడ్డ మీద ఒట్టు."

రెండో చెంప మీద కూడా కొట్టింది. తల్లి ఆ దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టుకోకపోవడం నజీరా చూసింది. ఎర్రటి చేతుల్ని ఒంటికి దూరంగా, ఎవరివో పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

పాలేర్లు రసూల్‌బీ ఇల్లు వెతికారు. జొన్నల కుండ బోర్లించారు. పరుపు కోసి దూదంతా వీధిలోకి లాగారు. నజీరా తండ్రి దూది ఏకడానికి పొదిలి వైపు ఊళ్లు పట్టుకుని వెళ్లి ఉన్నాడు. అడ్డుపడే మగవాళ్లు లేరు. కాసులపేరు దొరకలేదు. దొరకకపోయినా, రసూల్‌బీని ఏ కల్లంలోనూ అడుగు పెట్టనివ్వొద్దని వెంకయ్యగారు ఊళ్లో చెప్పించారు. అది మిరపకాయల కాలం. ఏడాదంతా తినే గింజలు ఆ నెలల్లోనే సంపాదించుకోవాలి.

మర్నాడు బళ్లో నజీరా పక్కన కూర్చునే పిల్ల పుస్తకాలు తీసుకుని వెనక బల్లకు వెళ్లిపోయింది. వెళుతూ వెళుతూ తన సంచి మూతి ముడి వేసుకుంది. ఆ ముడిని చూస్తూ నజీరా ఆ పీరియడంతా కూర్చుంది.

సైన్సు గదిలో అంకమ్మరావు మాస్టారు ఆమ్లాలు మొదలుపెట్టారు. సీసా మూత తీసి, గాజు కడ్డీతో ఒక్క బొట్టు తీసి, చీపురుపుల్ల మీద వేశారు. పుల్ల గోధుమరంగుకు తిరిగి, నల్లబడి, కాలినట్టు ముడుచుకుపోయింది.

"ఇది గాఢ గంధకికామ్లం, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. చూడ్డానికి నూనెలా ఉంది కదూ? నిప్పు లేకుండానే కాలుస్తుంది. గుడ్డ మీద పడితే గుడ్డ, చెయ్యి మీద పడితే చెయ్యి. దీని జోలికి ఎవరూ రావద్దు."

పీరియడ్ అయ్యాక పరీక్షనాళికలు కడిగే వంతు నజీరాది. గదిలో ఒక్కతే మిగిలింది. నాళికలు కడిగి బోర్లించి, బల్ల మీద ఉన్న సీసా దగ్గరకు వచ్చింది. మూత తీసింది. ఇంకో చీపురుపుల్ల తీసుకుని మొన ముంచి, పైకెత్తి, అది నల్లబడుతుంటే రెప్పవేయకుండా చూసింది. చేతులు రెండూ మణికట్టు దాకా ముంచాలి అన్న మాట గుర్తొచ్చింది. మనసులో ఆ ఆమ్లం నిండిన గంగాళం ముందు సుబ్బరావమ్మను నిలబెట్టింది. బంగారు గాజుల దాకా ముంచింది. ఒంట్లో వెచ్చగా ఏదో పారినట్టయింది. ఆ వెచ్చదనం బాగుంది. సిరా బుడ్డిలో పట్టేంత చాలు.

"అయిందా అమ్మాయ్?" బయట నుంచి మాస్టారి గొంతు.

నజీరా మూత పెట్టింది. ఒంట్లో వెచ్చదనం ఇంకా పోనందుకు తనకే కొంచెం భయం వేసింది.

ఆ తర్వాతి పాఠం క్షారాలు. మాస్టారు ఒక గ్లాసులో సున్నపు తేట తెచ్చారు. తెల్ల కాగితం ముక్కను పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టారు.

"లిట్మస్ లేకపోతే ఏం? మన వంటింట్లోనే సూచిక ఉంది. చూడండి."

కాగితం సున్నపు తేటలో మునిగింది. ఎర్రబడింది.

నజీరా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"ఏమిటమ్మాయ్?"

"మాస్టారూ, సున్నం అంటుకున్న చేతుల్ని పసుపు నీళ్లలో ముంచితే?"

మాస్టారు కాగితం వైపు చూశారు. తర్వాత ఆమె వైపు చూశారు. ఆయన కాపురం వెంకయ్యగారి పెంకుటింట్లో ఒక వాటాలో. ఆ రోజు ఆయనా అరుగు చివర నిలబడి చూసినవాడే. సుద్దముక్క అందుకుని బోర్డు వైపు తిరిగారు.

"ఏ క్షారం తగిలినా పసుపు ఎర్రబడుతుంది. పాఠం వరకు చూడు. కూర్చో."

"నీళ్లతో కడిగినా సున్నం పోదా?"

"పగుళ్లలో ఉండిపోతుంది. ఆమ్లంతో అయితే పోతుంది." ఆయన నిమ్మబద్ద తీసి ఎర్రటి కాగితం మీద పిండారు. ఎరుపు విరిగి మళ్లీ పసుపయింది. "నిమ్మ, చింతపండు, పుల్లమజ్జిగ, ఏదైనా సరే. ఆమ్లమూ క్షారమూ కలిస్తే రెంటి గుణమూ పోతుంది. దీన్ని తటస్థీకరణం అంటారు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. నజీరా రాసుకోలేదు. వంటింటి దొడ్డి వైపు వెళ్లి వచ్చిన బసవమ్మ కళ్ల ముందు కదిలింది. వెంకయ్యగారి దొడ్లో వారం నుంచి కొత్త చింతపండు గింజ తీసి ఆరబెడుతున్నారు.

"మాస్టారూ," మళ్లీ లేచింది. "గోడకు వేసిన సున్నం కూడా పసుపును ఎర్రగా చేస్తుందా?"

ఈసారి ఆయన బోర్డు వైపు చూస్తూనే జవాబిచ్చారు. "పచ్చిగా ఉన్నంతసేపూ చేస్తుంది. ఆరిపోయి గాలి తగిలే కొద్దీ సుద్దగా మారిపోతుంది. అప్పుడిక మారదు." కాస్త ఆగి, "పచ్చిగా ఉన్నప్పుడే," అన్నారు.

బడి వదలగానే నజీరా ఇంటికి పరుగెత్తింది. రసూల్‌బీ గడప దగ్గర కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. మట్టిలోంచి ఏరుకున్న జొన్నలు.

"అమ్మా! అది మంత్రం కాదు. నీ చేతుల్లో సున్నం ఉంది. సున్నం పసుపును ఎర్రగా చేస్తుంది. మాస్టారు చూపించారు. నువ్వు దొంగవని కాదమ్మా, సున్నం వల్ల!"

రసూల్‌బీ చేట ఆపలేదు. పొట్టు ఎగిరి పక్కకు పడుతోంది.

"నాకు తెలియదటే?" అంది.

నజీరాకు అర్థం కాలేదు.

"పసుపూ సున్నం కలిపితే ఎర్రనీళ్లయిద్దని నాకు తెలియదా? పెళ్లికూతురి కాళ్లకి పారాణి ఎవరు కలుపుతారు? పసిబిడ్డకి దిష్టి తీయడానికి ఎవరు కలుపుతారు? ఆ కల్లంలో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. సుబ్బరావమ్మగారికీ తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు? ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పాలి?"

చేట తిరగేసి రాళ్లు దులిపింది. కాసేపటికి తనే అంది: "బసవమ్మ చేతులు ముంచేటప్పుడు పక్కనే ఉన్నాగా. చింతపండు వాసన కొట్టింది."

బసవమ్మది పక్క ఇల్లే. నజీరా పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది తనేనని బసవమ్మ ఎప్పుడూ చెప్పుకుంటుంది. నజీరా ఆమెను అత్తా అని పిలుస్తుంది. రెండిళ్లకూ మధ్య గోడ లేదు, కందికంప దడి ఉంది. ఇన్నాళ్లూ ఆ దడి మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఆ రోజు నుంచి తిరగలేదు.

నజీరా లోపలికి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంతకు ముందు సుబ్బరావమ్మ ఒక్కతే ఆమె కళ్ల ముందు ఉండేది. ఇప్పుడు కల్లం నిండా ఉన్నారు. ముక్కుల మీంచి చెంగులు దించుకుని, పారాణి ఎలా కలపాలో తెలిసిన నోళ్లన్నీ మూసుకుని నిలబడిన ఆడవాళ్లు. అంతమందికి సిరా బుడ్డెడు ఆమ్లం చాలదు. అంతమందికీ కళ్ల ముందు కనపడేది ఏదైనా కావాలి.

దొడ్లో ఒక ముంతలో పసుపు కలిపింది. పాత గోడ మీద చల్లింది. పచ్చటి మరక పడింది, అంతే. తల్లి వెల్లకని తెచ్చి దాచిన సున్నపు గడ్డ ఒకటి నీళ్లలో వేసింది. బుసబుస పొంగి, గిన్నె వేడెక్కింది. ఆ సున్నం గుడ్డతో గోడకు పూసి మళ్లీ పసుపు నీళ్లు చల్లింది. గోడ ఎర్రబడింది. ఒక చోట ఆరనిచ్చి చూసింది. ఎండిన కొద్దీ ఎరుపు పలచబడింది. మాస్టారు చెప్పింది నిజమే. పచ్చిగా ఉన్నప్పుడే.

రసూల్‌బీ వెనక నుంచి ఆ మరకలు చూసింది. ఏమిటని అడగలేదు. "పసుపు పారబోయకు, కొనాలి" అని మాత్రం అంది.

ఉగాది దగ్గర పడింది. వెంకయ్యగారి ఇంటి ముందు గోడ ఒక్కటే వెల్లకు మిగిలి ఉంది. కల్లానికి ఎదురుగా, వీధిలో ఎక్కడ నిలబడినా కనపడే గోడ అది. ఆ పొద్దున బసవమ్మ ఒక్కతే నిచ్చెన వేసుకుని దానికి వెల్ల వేస్తోంది. కల్లంలో ఆడవాళ్లు రాశి చుట్టూ కూర్చుని ముచ్చికలు విరుస్తున్నారు. రంగు తేలిన తాలుకాయలు ఒక పక్కకు, ఎర్రటివి ఒక పక్కకు పడుతున్నాయి. గుంటూరు వెళ్లే బళ్లు మూడు కాడి దించి ఉన్నాయి. సాయంత్రానికి గోతాలు ఎక్కాలి.

నజీరా బడికి వెళ్లలేదు. నీళ్లకు వెళ్లే బిందెను చంకన పెట్టుకుని కల్లంలోకి నడిచింది. దొంగ కూతురు వచ్చిందని ఎవరో గుసగుసలాడారు. ఆమె ఆగలేదు. రాశిని దాటి, గోడకు ఎదురుగా నిలబడింది. బసవమ్మ నిచ్చెన మీంచి తిరిగి చూసింది. కుంచె నుంచి సున్నం కారుతోంది.

"నజీరా, ఏందే అది?"

నజీరా బిందె ఎత్తి అందులోని నీళ్లు గోడ మీదకు విసిరికొట్టింది.

పసుపు నీళ్లు తెల్లటి గోడ మీద పడీ పడగానే ఎర్రబడ్డాయి. తలుపు పక్క నుంచి కిటికీ దాకా ఒక్కసారి నెత్తురు చిమ్మినట్టు పరుచుకుని, చారలు చారలుగా అరుగు మీదకు కారాయి. బిందె అడుగున మిగిలింది కూడా పోసేసింది. అది గడప పక్కన పడింది.

"నీళ్లు రక్తమయితే దొంగన్నారుగా!" ఆమె గొంతు పగిలింది. "ఇదిగో! మీ ఇల్లు మొత్తం దొంగ! చూడండి!"

సుబ్బరావమ్మ అరుగు మీదకు పరుగెత్తుకొచ్చింది. గోడను చూసి గుండెలు బాదుకుంది.

"పండగ పూట నా ఇంటి మీద ఇదేం పనే! సిగ్గులేనిదానా! పచ్చి సున్నం మీద పసుపు నీళ్లు పోస్తే ఎర్రబడక ఏమయిద్దే? పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు! దీన్ని పట్టుకుని ఇంటిని దొంగ అంటావా!"

అని, ఆగిపోయింది.

కల్లంలో ముచ్చికలు విరిగే చప్పుడు లేదు. ఎద్దు మెడ గంట ఒకటి కదిలింది. సుబ్బరావమ్మ నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. అన్న మాట వెనక్కి రాలేదు. అందరూ విన్నారు.

నజీరా ఖాళీ బిందెను కింద పెట్టింది. చెప్పవలసింది ఆవిడే చెప్పేసింది.

బసవమ్మ నిచ్చెన దిగింది. ఒక్కో మెట్టూ పట్టుకుని మెల్లగా దిగి, కుంచెను తొట్టిలో పెట్టింది.

"అయితే రసూలు చేతిది కూడా సున్నమేగా అమ్మగారూ."

"నువ్వు నోరు ముయ్యి. పని చూసుకో."

"ఆ రోజు నేనూ సున్నం పిసికా. నా చెయ్యి ఎర్రబడలా. దొడ్లోకి పోయి చింతపండు రుద్దుకొచ్చా గాబట్టి." ఆమె సుబ్బరావమ్మతోనే మాట్లాడుతోంది కానీ చూపు నేల మీద ఉంది. "ఎవరిదో ఒకరి చెయ్యి ఎర్రబడాలని ఆ కోటయ్య పసుపు కలిపాడు. నాది కాకపోతే చాలనుకున్నా. పక్కనున్న మనిషికి ఒక్క మాట చెప్పలా. రసూలు తీయలేదు. ఎవరు తీశారో మీకే బాగా తెలుసు. మీ పెద్దబ్బాయి పేకాటకి గుంటూరు ఎన్నిసార్లు పోయాడో ఊరందరికీ తెలుసు."

సుబ్బరావమ్మ ముఖం సున్నంలా తెల్లబడింది.

రాశి దగ్గర ముసలి మరియమ్మ ముక్కుకు కట్టుకున్న చెంగు విప్పి, చేతులు దులుపుకుని లేచింది. ఆమె పక్కనున్న మనిషి లేచింది. తర్వాత ఇంకొకరు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒడుల్లోంచి మిరపకాయలు జారి రాశిలో పడ్డాయి. కాసేపట్లో రాశి చుట్టూ కూర్చున్న మనిషి లేదు.

చప్పుడు ఆగిపోయేసరికి వెంకయ్యగారు బయటకు వచ్చారు. గోడ చూశారు, నిలబడిన ఆడవాళ్లను చూశారు, కాడి దించిన బళ్లను చూశారు. ఆయనకు ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది.

"జరిగిందేదో జరిగింది. ఆ పిల్లని ఏమీ అనం. కూర్చోండి, పొద్దెక్కుతోంది."

ఎవరూ కూర్చోలేదు.

"రసూల్‌బీని రేపట్నుంచి రమ్మను," అన్నారు నజీరాతో.

"నేను చెప్పను," అంది నజీరా. "అందరి ముందూ కొట్టారు. అమ్మగారొచ్చి అందరి ముందూ చెప్పాలి."

వెంకయ్యగారి దవడ కదిలింది. బళ్ల వైపు మళ్లీ చూశారు. భార్య వైపు తిరగకుండానే, "వెళ్లిరా" అన్నారు.

సుబ్బరావమ్మ రసూల్‌బీ వాళ్ల పేటలో ఎప్పుడూ అడుగు పెట్టి ఉండదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ముందు నడిచింది. వెనక కల్లమంతా నడిచింది. నజీరా అందరికంటే ముందు చేరుకుని గుమ్మం పక్కన నిలబడింది. రసూల్‌బీ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. జనాన్ని చూసింది. తెడ్డు వదల్లేదు.

"రేపు పనికి రా," అంది సుబ్బరావమ్మ.

రసూల్‌బీ తెడ్డు తిప్పుతూనే ఉంది.

"నువ్వు తీయలేదు. పొరపాటు పడ్డాం." పెదవుల మధ్యే గొణిగింది.

"వినపడలా," అంది వెనక నుంచి మరియమ్మ.

సుబ్బరావమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపం నీళ్లని నజీరాకు తెలుసు. అవి చూస్తుంటే, సీసా ముందు కలిగిన వెచ్చదనమే మళ్లీ ఒంట్లో పారింది. ఆపుకోవాలనిపించలేదు.

"రసూల్‌బీ దొంగతనం చేయలేదు!" సుబ్బరావమ్మ పెద్దగా అంది. "చాలా?"

రసూల్‌బీ కుండ దించి, మసిగుడ్డ పక్కన పెట్టి, లేచి నిలబడింది.

"ముచ్చికలకి వస్తానమ్మగారూ. మీ గోడకి మాత్రం సున్నం వెయ్యను. ఇంకెవరినన్నా చూసుకోండి."

జనం వెళ్లిపోయారు. మళ్లీ కల్లంలో పని మొదలై ఉంటుంది. సాయంత్రానికి గోతాలు బళ్లెక్కుతాయి. బసవమ్మ మాత్రం వెళ్లలేదు. దడి పక్కన నిలబడింది. చేతులకు ఆరిన సున్నం తెల్లగా పొలుసులు లేచి ఉంది.

"రసూలూ," అంది. చేతి మీది పొలుసులు గోటితో గీకింది.

రసూల్‌బీ చాలాసేపు ఆమెను చూసింది. "ఎండలో నిలబడ్డావేం? లోపలికి రా," అని, "నజీరా, అత్తకి మంచినీళ్లియ్యి" అంది.

నజీరా కుండలో ముంచి చెంబు నింపింది. గుమ్మం దాకా వచ్చింది. బసవమ్మ గుమ్మం బయటే నిలబడి రెండు చేతులూ చాపింది.

నజీరా ఆ చేతుల వైపు చూసింది. చెంబును గడప మీద పెట్టి, ఇంకో మాట లేకుండా లోపలికి వెళ్లి, పుస్తకాలు తీసుకుని బడికి బయలుదేరింది.